మూడు నూళ్లు

పన్నెండు రోజులకోసారి
మన నెత్తి మీదుగా ఒకటి పోతుంది.
రాత్రా పగలా దానికి పట్టదు, మబ్బు అడ్డం కాదు.
ఒక అలని కిందికి వదిలి
రేకుల షెడ్డుకో డాబా పిట్టగోడకో తగిలి
తిరిగొచ్చిన దాన్ని పట్టుకుంటుంది.
పోయినసారి కంటే ఈసారి
ఎంత తేడాగా తిరిగొచ్చిందో, అదే మా లెక్క.

గుణదల కొండ రాయిని సున్నా అనుకున్నాం.
ఏదో ఒకటి కదలదని నమ్మితే తప్ప
మిగతావాటి కదలిక చెప్పలేం.

నాలుగేళ్ల బొమ్మలు, ఒకదాని మీద ఒకటి.
పటమట ఆకుపచ్చ. కృష్ణలంక ఆకుపచ్చ.
నున్న వైపు వరిచేలు ఉత్త మసక.
పైరు ఏ రెండుసార్లూ ఒకేలా నిలబడదు,
రాడారుకి దానితో మాట కుదరదు.
బుడమేరు ఇవతల, పైపుల రోడ్డు దాటాక, రెండు మూడు వీధులు
ఎరుపు.
ఏడాదికి పదకొండు మిల్లీమీటర్లు.

అంటే ఎంత, అన్నాడు మా అధికారి.
చిటికెన వేలి గోరు చూపించాను.
"దీనికి ఫైలెందుకమ్మా?"

ఆదివారం నా కాళ్లతో నేను వెళ్లాను.
ఖైరున్నీసా వాటర్ ప్లాంటు ముందు
ఇరవై లీటర్ల డబ్బాలు బారులు తీరి ఉన్నాయి.
"మొదట ఎనభై అడుగులకే పడింది నీళ్లు.
ఇప్పుడు బోరు రెండొందల పది" అంది.
ఆ గొంతులో తప్పూ లేదు, గొప్పా లేదు.
వీధంతా ఆ నీళ్లే. నేనూ గ్లాసెడు తాగాను.
చల్లగా ఉన్నాయి.

నేల దిగుతోందా అంటే ఇళ్లవాళ్లు నవ్వారు.
"దిగటం కాదండీ, రోడ్డే లేస్తోంది,
వేసినప్పుడల్లా జానెడు. మూడు మెట్లుండేవి మాకు,
ఒకటి మిగిలింది."
అదీ అబద్ధం కాదు.

సందు మలుపులో రేకుల కింద
నాగభూషణాచారి ఒక టేకు తలుపుకి చిత్రిక పడుతున్నాడు.
"వానకి ఉబ్బిన తలుపు ఎండకి తగ్గాలి.
ఇవి తగ్గవు. చెక్క తప్పు కాదమ్మా,
ద్వారబంధం ఒక మూల కిందికి పోయింది.
మూలమట్టం పెట్టి చూడు."
చెవి మీద పెన్సిలు తీసి, మళ్లీ అక్కడే పెట్టుకుని
ఖాతా పుస్తకం నా చేతిలో పెట్టాడు.
పదిహేడేళ్ల బాకీలు. పేరు, వీధి, కూలి,
చిత్రికతో ఎంత తీశాడో, నూళ్లలో.

సుగుణమ్మ టీచరు వంటగది, నూలున్నర.
కిరాణా వెంకటరత్నం వీధి తలుపు, రెండు నూళ్లు, సగం బాకీ.
చివరిల్లు, మూడు నూళ్లు.
మరుసటేడు మళ్లీ మూడు నూళ్లు.
ఆ పై ఏడు: ఇక తీయడానికి చెక్క లేదు.

నా ఫోనులో ఎరుపుని
అతని పెన్సిలు రాత పక్కన పెట్టాను.
వీధి తర్వాత వీధి కలుస్తూ పోయింది.
రెండు చోట్ల కలవలేదు.
ఒకటి నా తప్పు, పక్కనున్న సెల్ టవరు మెరుపుని ఇల్లనుకున్నాను.
రెండోది అతనిది.
ఆ ఇంట్లో మొగుడు తాగొచ్చి తలుపు తన్నుతాడట.

"పైనుంచి నా షెడ్డు కూడా కనిపిస్తుందా?"
కనిపిస్తుంది. రేకు కదా,
ఈ వీధిలో అన్నిటికంటే బాగా పలికేది అదే.
రంగు అతను అడగలేదు. నేను చెప్పలేదు.
చిత్రిక మళ్లీ కదిలింది,
చుట్టలు చుట్టలుగా పొట్టు నా చెప్పుల మీద పడింది.

సోమవారం ఫైలు మళ్లీ పెట్టాను.
ఈసారి గోరు చూపించలేదు.
కవరు బోర్లించి, దోసెడు పొట్టు
అధికారి బల్ల మీద పోశాను.
ఫ్యాను గాలికి సగం ఎగిరి కిందపడింది.
ఆయన నా వంక చూశాడు, పొట్టు వంక చూశాడు,
గంట కొట్టాడు.

అటెండరు చీపురు తెచ్చాడు.
ఊడుస్తూ ఊడుస్తూ ఆగి, గొంతు తగ్గించి
"మా ఇంటి తలుపు కూడా పడట్లేదు మేడమ్,
మాది కృష్ణలంక" అన్నాడు.

నా బొమ్మలో అక్కడ
ఆకుపచ్చే ఉంది.